సంఘము ముందు, దరఖాస్తు వెనుక

రాష్ట్ర పథకములలో మన బజారు వీథికి చోటు సంపాదించుట యెట్లు?

మనుజుడు తన యింటిని దిద్దుకొనుటకు ఎవ్వరి ప్రేరణకును ఎదురుచూడడు. పండుగ వచ్చినచో గోడకు సున్నము వేయించును, కప్పు కారినచో నాడే మేస్త్రీని పిలుచును. కాని ఆ మనుజుడే గడప దాటి వీథిలో అడుగిడినంతనే, మోరీ పొంగుచున్నను, దీపస్తంభము వెలుగక నిలిచియున్నను, నడచువారికి కాలు మోప చోటు లేకున్నను, ‘ఇది బల్దియావాండ్ల పని’ యని తలచి ప్రక్కకు తొలగిపోవును. ఈ గ్రంథమున ఇంతవరకు వ్యక్తి తన్ను తాను సంస్కరించుకొను మార్గములను గూర్చి ముచ్చటించితిమి. ఈ అధ్యాయమున పదిమంది కూడి తమ వీథిని సంస్కరించుకొను మార్గమును, అందును విశేషించి, ప్రభుత్వము రాష్ట్రమంతటికిని ఒక పట్టణాభివృద్ధి పథకమును ప్రకటించినపుడు అందు మన పేటకు చోటు సంపాదించు విధమును విచారింతము.

ఈ విషయమున అధికసంఖ్యాకులు చేయు పొరపాటు ఒక్కటే. పథకము వచ్చినదని పత్రికలో చదివినంతనే తెల్లకాగితము తీసికొని, ‘గౌరవనీయులైన కమిషనరు గారి సముఖమునకు’ అని ప్రారంభించి, రోడ్డు కావలెను, దీపములు కావలెను, మరుగుదొడ్డి కావలెనని వ్రాసి, దొరికిన వారిచేత సంతకములు పెట్టించి, కార్యాలయమున ఇచ్చి, ఇక ఫలము దానంతట అది సిద్ధించునని ఇంట కూర్చుందురు. ఆ కాగితము వెనుక నిలబడు సంఘము లేదు. ఉన్నను దాని చేతిలో లెక్క లేదు. లెక్క యున్నను దానికి హద్దు లేదు. అట్టి కాగితము ఫైళ్ల యడుగున పడియుండుట ఆశ్చర్యము కాదు. హద్దు, లెక్క, సంఘము, చిన్న పని అను నాలుగు మెట్లు ఎక్కిన పిదపనే ఎక్కవలసిన అయిదవ మెట్టు దరఖాస్తు. ఈ క్రమమును గ్రహించిన పేట, పథకము పేరు ఏదైనను, ప్రభుత్వము ఎవరిదైనను, అందు చేరగలదు.

బోరబండ బజారు

ఉదాహరణమునకు హైదరాబాదు నగరమునందలి బోరబండను తీసికొందము. 1998లో మాధాపురమున సైబర్ టవర్స్ వెలసిన పిదప ఆ చుట్టుపట్ల ప్రాంతము సైబరాబాదన్న పేర లోకప్రసిద్ధి గాంచినది. 2003లో నడువ మొదలిడిన ఎం.ఎం.టి.ఎస్. రైలు మార్గమున బోరబండ స్టేషను దాటినచో తరువాతిది హైటెక్ సిటీయే. అక్కడ అద్దాల మేడలు. ఇక్కడ సైట్-1, సైట్-2, సైట్-3 అను పేళ్లతో పిలువబడు బస్తీలు, మోతీనగర్, అల్లాపూర్, రహ్మత్‌నగర్‌ల వైపు ఎక్కుచు దిగుచు సాగు ఇరుకు వీథులు. ఆ మేడలలో నేల తుడుచువారు, కావలి కాయువారు, క్యాబులు నడుపువారు, క్యాంటీనులలో వంట చేయువారు, కొత్తగా కొలువున చేరి తక్కువ కిరాయి గదికై వెదకు యువకులు అనేకులు ఇట్టి బస్తీలలోనే కాపురముందురు.

సాయంకాలము ఆరు దాటిన వెనుక బస్టాపు నుండి బజారు వెంట నాలుగడుగులు నడచి చూడుడు. మిర్చి బండి మీద మూకుడు సలసల కాగుచుండును; దాని ప్రక్కనే సెల్‌ఫోను మరమ్మతు చేయు మడిగె; దాని మెట్టు మీదనే మల్లెలు మూరవేయుచున్న పూలామె; ఆమె బుట్టకును ఆటో చక్రమునకును నడుమ జానెడు చోటు. డ్యూటీ దిగి వచ్చిన తల్లి ఒక చేత బిడ్డను, మరియొక చేత కూరగాయల సంచిని పట్టుకొని ఆ జానెడు చోటున దారి వెదకుకొనుచుండును. ఈ వీథిలో బేరమునకు కొదువ లేదు, కొనువారికి కొదువ లేదు. కొదువ యున్నదెల్ల నడచుటకు చోటు, నిలుచుటకు వెలుగు, వాననీరు పోవుటకు దారి, పదిమంది మాటగా ఒక మాట పలుకుటకు ఒక వేదిక. మొదటి మూడును పథకముల వలన వచ్చును. నాల్గవది మాత్రము మనమే కల్పించుకొనవలెను.

పథకముల స్వభావము

బజారు వీథుల పునరుద్ధరణమును రాష్ట్రవ్యాప్తముగా నిర్వహించు పద్ధతికి అమెరికా దేశమున మెయిన్ స్ట్రీట్ కార్యక్రమము ప్రసిద్ధమైన దృష్టాంతము. ఊరి వెలుపల పెద్ద పెద్ద అంగడి సముదాయములు వెలసి, పాత ఊరి నడుమనున్న దుకాణములు మూతపడుచుండగా, అచటి జాతీయ చారిత్రక పరిరక్షణ సంస్థ 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అను మూడు చిన్న పట్టణములలో ప్రయోగము చేసి, 1980లో దానిని ఒక జాతీయ కేంద్రముగా రూపొందించినది. టెక్సాస్, జార్జియా, కొలరాడో మొదలగు ఆరు రాష్ట్రములు మొదట అందు చేరినవి. సంఘనిర్మాణము, ప్రచారము, వీథి రూపకల్పన, ఆర్థిక పుష్టి అను నాలుగు అంశములను ఏకకాలమున సాధింపవలెననుట దాని సిద్ధాంతము.

మనము గమనింపవలసినది దాని ప్రవేశవిధానము. అచట సాధారణముగా ఊరు తానై దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆ దరఖాస్తులో ‘మా వీథి పాడైనది’ అను మొర మాత్రమే చాలదు. వీథి హద్దులు చూపు పటము, పురపాలక సంఘము వారి సమ్మతి, వర్తకులును గృహయజమానులును గల కార్యవర్గము, పనిని రోజూ చూచుకొను ఒక నిర్వాహకుడు, అతని జీతమునకు స్థానికముగా కూడబెట్టు ధనము, వీని నన్నింటిని చూపవలెను. రాష్ట్రము ఇచ్చునది ప్రధానముగా శిక్షణము, వాస్తుశిల్పుల సలహా, సాటి పట్టణములతో సంబంధము. ధనము తరువాతి మాట. చేరిన పిదప సైతము ఏటేట పరీక్ష కలదు. అనగా ఊరి సిద్ధత యెంత యని తూచిన పిదపనే రాష్ట్రము చేయి చాచును.

మన నగర చరిత్రమున రెండు విధములును కలవు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచివేసిన పిదప నిజాము ప్రభుత్వము నెలకొల్పిన ఆరాయిష్-ఎ-బల్దా, అనగా నగరాభివృద్ధి మండలి, పత్తర్‌గట్టీ రాతి కమానుల బజారును, 1935లో మొజంజాహి మార్కెట్టును నిర్మించినది. అవి పైనుండి క్రిందికి దిగిన అభివృద్ధికి నిదర్శనములు. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ చేపట్టిన పట్టణ సామూహికాభివృద్ధి (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) ప్రయోగము వేరు మార్గము తొక్కినది. బస్తీవాసులు తామే సంఘములుగా నేర్పడి, తమ యవసరములను తామే నిర్ణయించుకొని, తమ వంతు శ్రమయు ధనమును ముందిడిన చోట సంస్థ తన చేయూత నిచ్చుట దాని పద్ధతి. ఆ ప్రయోగమును నడపు విభాగము యు.సి.డి. అను పొట్టి పేరుతో నేటికిని బల్దియాలో, అనగా నగరపాలక సంస్థలో, కలదు. మహిళా సంఘముల వ్యవహారమును, వీథి వ్యాపారుల వ్యవహారమును చూచునది అదియే. మీ ప్రయత్నమున మొదట తట్టవలసిన తలుపు అది.

తెలంగాణ రాష్ట్రమున ఇటీవలి పెద్ద దృష్టాంతము పట్టణ ప్రగతి. 2020 ఫిబ్రవరి 24న ప్రారంభమై మార్చి 4 వరకు పది దినములు తొలి విడతగా సాగిన ఈ కార్యక్రమమున, వార్డును ప్రమాణముగా గ్రహించి, యువజనులు, మహిళలు, వృద్ధులు, పౌరప్రముఖులు అను నాలుగు తెగల వారితో ఒక్కొక్కటి 15 మంది గల కమిటీలను ఏర్పరచుట, వార్డు అవసరముల పట్టిక వ్రాయుట, తుప్పు పట్టిన స్తంభములను, వ్రేలాడు తీగలను మార్చుట, వీథి వ్యాపారులకు ప్రత్యేక స్థలములను, కూరగాయలకును మాంసమునకును కలిపి మార్కెట్లను నిర్మించుట మున్నగునవి చేర్చబడినవి. నెలకు 148 కోట్ల రూపాయలు, అందు హైదరాబాదు మహానగరమునకు 78 కోట్లు, తక్కిన పట్టణములకు 70 కోట్లు విడుదల చేయుదుమని ప్రభుత్వము నాడు ప్రకటించినది. వార్డు కమిటీలో నలుగురు చురుకైనవారు ఉన్నచోట తమ వీథి పేరు ఆ పట్టికలోనికి ఎక్కించుకొనుట సులభము. లేనిచోట పట్టికను అధికారులే కార్యాలయమున కూర్చుండి పూర్తిచేయుదురు.

ప్రభుత్వములు మారును, పథకముల పేళ్లు మారును. చట్టములు మాత్రము అంత త్వరగా మారవు. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరములలో వార్డు కమిటీలు ఉండవలెనని రాజ్యాంగమునందలి 243-ఎస్ అధికరణము విధించుచున్నది. వీథి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ చట్టము 2014 నుండి అమలునందున్నది. కావున మీ ప్రయత్నమునకు పునాదిని చట్టము మీద వేయుడు. పథకమును దానిపై నిలుపుకొనుడు.

మొదటి మెట్టు: హద్దు

‘బోరబండ అంతయు బాగుపడవలెను’ అనుట కోరిక. ‘ఈ మలుపు నుండి ఆ మలుపు వరకు’ అనుట ప్రణాళిక. మీరు పునరుద్ధరింపదలచిన బజారు ఎచట మొదలై ఎచట ముగియునో మొట్టమొదట నిశ్చయింపుడు. పెద్ద తెల్లకాగితముపై వీథిని గీచి, రెండు వైపుల గల మడిగెలను వరుసగా అంకెలు వేసి, బస్టాపు, ఆటో స్టాండు, దేవాలయము, మసీదు, పాఠశాల, ట్రాన్స్‌ఫార్మరు, చెత్త వేయు చోటు, వాన కురిసినపుడు నీరు నిలుచు చోటు గుర్తింపుడు. తోపుడు బండ్లను సైతము మరువక గుర్తింపవలెను.

హద్దు ఎంత చిన్నదైన అంత మేలు. నడచి చూచుటకు పది నిమిషములు చాలని వీథిలో మార్పు కంటికి కనబడదు. కంటికి కనబడని మార్పును జనులు నమ్మరు. అట్లే ఆ హద్దు ఏ వార్డులోనిదో, ఏ సర్కిలు క్రిందిదో విచారింపుడు. 2007లో గ్రేటర్ హైదరాబాదు ఏర్పడిన పిదప 2009 నాటికి 150 డివిజన్లు నిర్ణయమైనవి. ఇటీవలి విస్తరణముతో హద్దులు మరల మారినవి. నిన్నటి వార్డు పేర వ్రాసిన దరఖాస్తు నేడు మరియొకరి బల్ల మీదికి పోవచ్చును.

రెండవ మెట్టు: లెక్క

అధికారి యెదుట ‘చాలమంది ఇబ్బంది పడుచున్నారు’ అను వాక్యమునకు విలువ లేదు. ఒక సాధారణ దినమున, ఒక ఆదివారమున, ఒకే చోట నిలిచి, ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి, పదునైదు నిమిషముల పాటు నడచిపోవు వారిని లెక్కింపుడు. దానిని నాలుగింట హెచ్చించినచో గంట లెక్క వచ్చును. స్త్రీలెందరు, పిల్లలెందరు, కర్ర పట్టుకొని నడచు వృద్ధులెందరు అని వేరువేరుగ వ్రాసికొనుడు. మూతపడిన షటర్లు ఎన్ని, వెలుగని దీపములు ఎన్ని, ట్రేడ్ లైసెన్సు గల దుకాణములు ఎన్ని, లేనివి ఎన్ని అని మరియొక పట్టిక తయారు చేయుడు. పరస్పరము దాచుకొనక ఈ చివరి లెక్క తీయుట కష్టమైన పనియే. కాని లైసెన్సు రుసుము చెల్లింపని వర్తకుడు సంస్థను సౌకర్యము అడుగబోయినపుడు అతని కంఠము తగ్గిపోవును. ముందుగ మన ఋణము తీర్చుకొని పిదప మన హక్కు అడుగుట లోకమర్యాద.

ఏ పని ఎవరిదో తెలిసికొనుట ఈ మెట్టులోనిదే. మురుగు కాలువ పొంగినచో జలమండలి. వాననీటి కాలువ, ఫుట్‌పాత్, వీథిదీపము బల్దియా. స్తంభము, ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ సంస్థ. ఆటోల నిలుపుదల ట్రాఫిక్ పోలీసులు. ఈ భేదము తెలియక ఒకే కాగితమున అన్నిటిని కలిపి వ్రాసినచో ప్రతివారును ‘ఇది మాది కాదు’ అని తప్పించుకొనుటకు మనమే దారి చూపినవారమగుదుము.

మూడవ మెట్టు: సంఘము

ఇది అన్నింటిలోను కఠినమైనది, అన్నింటిలోను ఫలప్రదమైనది. బజారున గల జనులు ఒక జాతివారు కారు. గృహయజమానికి కిరాయి పెరుగుట మేలు, కిరాయిదారునకు కీడు. షటరు గల వర్తకునకు ఎదుట బండి నిలుచుట నష్టము. బండివానికి అదే బ్రతుకు. వీరిని ఒక గదిలో కూర్చుండబెట్టినపుడు జరుగు సంభాషణము ఏ బస్తీలోనైన ఇంచుమించు ఒక్కటే.

“ముందు ఈ బండ్లన్ని తీపియ్యాలె సార్, గప్పుడే రోడ్డు కనబడ్తది” అని కిరాణా వర్తకుడు మొదలిడును.

“బండి తీస్తే నేనేడ పోవాలె అన్నా? నీ దుకాణంకు వచ్చేటోళ్లు నా దగ్గర పూలు కొంటరు, నా దగ్గర కొన్నోళ్లు నీ దగ్గర పప్పు కొంటరు” అని పూలామె బదులు పలుకును.

ఆ గదిలోని వారందరు ఆ మాట మీద ఒక నిమిషము నిలువగలిగినచో సంఘము పుట్టినట్లే. పూలామె పలికిన దానియందు ఆర్థికశాస్త్రము కలదు, న్యాయమును కలదు. 2014 నాటి చట్టము ప్రకారము వీథి వ్యాపారుల సర్వే పూర్తియై, ధ్రువపత్రములు ఇచ్చువరకు ఎవ్వరిని తొలగింపరాదు. ఆ చట్టము క్రింద నేర్పడు పట్టణ వ్యాపార కమిటీలో నూటికి నలుబది మందికి తక్కువ కాకుండ వీథి వ్యాపారులే ఎన్నికై ఉండవలెను, వారిలో మూడవ వంతు స్త్రీలు కావలెను. కావున బండ్లవారిని వెలుపల నుంచి వ్రాసిన ప్రణాళిక న్యాయస్థానమున నిలువదు. వారిని లోపలికి తెచ్చుకొన్న సంఘము, గీత గీచి, బండి ఇంత వెడల్పు, ఈ గీత లోపలనే, ఈ వేళ నుండి ఈ వేళ వరకు అని వారిచేతనే ఒప్పించుకొనగలదు. వీథి వ్యాపారులకై 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకమున, ఆరంభమున పదివేల రూపాయలుగా నుండిన తొలి అప్పును సకాలమున తీర్చినవారికి హెచ్చు మొత్తములు లభించు ఏర్పాటు కలదు. సంఘము తన బండ్లవారికి ఆ పత్రములు నింపి పెట్టినచో వారి విశ్వాసము చూరగొనును.

ఒప్పందము కుదిరిన పిదప సంఘమును నమోదు చేయింపుడు. వెనుక తెలంగాణ ప్రాంతమున 1350 ఫస్లీ నాటి చట్టము ఉండెడిది. 2001 నుండి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము అమలులో నున్నది. ఏడుగురు పెద్దవారు కలిసినచో సొసైటీ కాగలదు. ఉద్దేశములు, నియమావళి వ్రాసి, జిల్లా రిజిస్ట్రారు వద్ద దాఖలు చేసి, ఇరువురి సంతకములతో నడుచు బ్యాంకు ఖాతా తెరువుడు. కార్యవర్గమున షటరువారు, బండివారు, గృహయజమానులు, కొనుగోలుదారులైన గృహిణులు, ఆటోవారు అందరును ఉండవలెను. నెలసరి చందా ఎంత స్వల్పమైనను సరే, తప్పక వసూలు చేసి, రశీదు ఇచ్చి, నెలనెల లెక్కను బజారున గోడకు అంటింపుడు. డబ్బు విషయమున పుట్టిన అనుమానము సంఘమును చంపినంత వేగముగ మరి యే శత్రువును చంపజాలడు.

సంఘమునకు పేరు పెట్టునపుడు ఒక జాగ్రత్త. ఏ పథకము పేరు, ఏ నాయకుని పేరు, ఏ పార్టీ రంగు దానికి అంటకుండ చూచుకొనుడు. కార్పొరేటరు ఈనాడు ఒక పక్షము, రేపు మరియొక పక్షము కావచ్చును. బజారు మాత్రము అచటనే ఉండును.

నాల్గవ మెట్టు: చిన్న పని

పెద్ద పథకమున చేరుటకు ముందు, ప్రభుత్వ ధనము పైసా యవసరము లేని ఒక చిన్న పనిని నెరవేర్చి చూపుడు. దుకాణముల ముందునకు చొచ్చుకొనివచ్చిన మెట్లను, రేకులను వర్తకులు తామే జానెడు వెనుకకు జరుపుకొనుట. ప్రతి బండికి ఒక చెత్త డబ్బా. రాత్రి దుకాణము మూయునపుడు ముందరి చోటు ఊడ్చుట. అన్ని బోర్డులను ఒకే ఎత్తున కట్టుట. వారమునకొక సాయంకాలము ఆటోలను ప్రక్క వీథికి మరల్చి బజారును నడచువారికే విడుచుట. ఇట్టి వానిలో ఒక్కటి ఎన్నుకొని మూడు నెలలు ఆపక చేయుడు. పనికి ముందు ఒక ఛాయాచిత్రము, పిదప ఒక ఛాయాచిత్రము, ఒకే చోట నిలిచి తీయుడు. అధికారులను కదలించు శక్తి ఆ రెండు చిత్రములకు మెండుగ గలదు. ఏలయన, పని చేసినచో నిలుపుకొనగల వారెవ్వరో ప్రతి అధికారియు వెదకుకొనుచుండును.

అయిదవ మెట్టు: దరఖాస్తు

ఇక కలము పట్టుడు. మొదటి పుటలో మీరెవరు, హద్దు ఎంత, సంఘము నమోదు సంఖ్య ఏది. రెండవ పుటలో లెక్కలు. మూడవ పుటలో మీరు ఇంతవరకు చేసినది, చిత్రములతో. నాల్గవ పుటలో కోరునది. దానిని మూడు భాగములు చేయుడు: ఉత్తర్వు మాత్రము చాలునట్టివి, స్వల్ప వ్యయమున తీరునవి, పెద్ద నిర్మాణములు. అయిదవ పుటలో మీ వంతు: ఊడ్చుట యెవరు, దీపము చెడినచో తెలుపుట యెవరు, మొక్కకు నీరు పోయుట యెవరు. అనుబంధముగా పటము, సంఘ తీర్మానము నకలు, గృహయజమానుల సమ్మతి పత్రములు, వీథి వ్యాపారుల పట్టిక. ఇంతకు మించి వ్రాయవలదు; విశేషణములు అసలే వలదు.

ఈ దరఖాస్తును వార్డు కార్యాలయమున ఇచ్చి, దాని ప్రతులను మీ సర్కిలు డిప్యూటీ కమిషనరుకును, యు.సి.డి. విభాగమునకును పంపి, అందినట్లు ముద్ర వేయించుకొనుడు. కార్పొరేటరును, శాసనసభ్యుని స్వయముగా కలిసి ఒక్కొక్క ప్రతి ఇండు. పార్లమెంటు సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయల మేర పనులు సిఫారసు చేయు అధికారము కలదు. మూడవ భాగములోని యొక పనిని అందునకు ప్రత్యేకించి అడుగవచ్చును. నెల గడిచినను కదలిక లేనిచో ప్రజల ఫిర్యాదులు స్వీకరించు సోమవారపు ప్రజావాణికి పొండు. అప్పటికిని లేనిచో సమాచార హక్కు చట్టము క్రింద ‘మా ఫైలు ఎవరి వద్ద నున్నది, దానిపై వ్రాసిన వ్యాఖ్య ఏమి’ అని అడుగుడు. ముప్పది దినములలో ఉత్తరము ఈయక తప్పదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. సభ్యతతో, మరల మరల, కాగితము మీద అడుగుట పౌరవిద్య.

చేరిన పిదప

పథకమున చోటు దొరికిన దినము విజయదినమని సన్మానసభలు జరుపుట కద్దు. వాస్తవమునకు కష్టకాలము నాటినుండియే మొదలగును. రోడ్డు త్రవ్వుదురు, నాలుగు నెలలు దుమ్ము లేచును, బేరములు పడిపోవును, ‘ఎందుకు తెచ్చినారయ్యా ఈ పథకము’ అని నిన్నటి మిత్రులే నిలదీయుదురు. పనిని ఒక వైపు ముగించి పిదప రెండవ వైపు త్రవ్వునట్లును, పండుగ నెలలలో త్రవ్వకుండునట్లును కంట్రాక్టరుతో ముందే వ్రాత మూలకముగ ఒప్పించుకొనుట సంఘము విధి. బజారు బాగుపడిన పిదప కిరాయిలు అమాంతముగ పెరిగి, ఎవరికొరకు పాటుపడితిమో ఆ చిన్న వర్తకులే వెడలిపోవు ప్రమాదము మరియొకటి. కావున పని మొదలగుటకు ముందే, రెండు మూడేండ్ల వరకు కిరాయి పెంపునకు ఒక మితిని గృహయజమానుల సమ్మతి పత్రమునందే చేర్పింపుడు.

మొజంజాహి మార్కెట్టు పునరుద్ధరణము 2018లో మొదలై 2020 ఆగస్టునాటికి ముగిసినది. ఆ రాతికట్టడమునకు రాజపోషణము, చారిత్రక గౌరవము, నగర మధ్యమున స్థానము అన్నియు కలవు. అయినను దాని వంతు వచ్చుటకు దశాబ్దములు పట్టినది. బోరబండ బజారునకు ఆ యాభిజాత్యము లేదు. దానికి గల సంపద యెల్ల అచటి జనులే. సమీపముననున్న ఎర్రగడ్డ రైతుబజారును చూడుడు. 1999లో ఉమ్మడి రాష్ట్రప్రభుత్వము రైతుబజార్ల పథకమును తలపెట్టినపుడు కావలసినవి కప్పు గల కొన్ని అంగళ్లు, తూకమునకు నమ్మకము, ధర వ్రాసిన బోర్డు మాత్రమే. చిన్న యేర్పాటు, క్రమశిక్షణ గల నిర్వహణము తోడైనచో పదుల సంవత్సరములు నిలువగలదనుటకు అది ప్రత్యక్ష ప్రమాణము.

పాఠకునకు అభ్యాసము

1. ఈ వారమున మీ బజారు వీథి పటమును మీ చేతితో గీయుడు. యంత్రము గీచిన పటము చాలదు, నడచి గీచినదే కావలెను.

2. మీకు పరిచయము లేని ముగ్గురు వర్తకులతోను, ఇద్దరు బండ్లవారితోను మాటలాడి, వారి ఇబ్బందులను వారి మాటలలోనే వ్రాసికొనుడు. మీ యభిప్రాయము చెప్పవలదు.

3. మీ వార్డు కార్యాలయమునకు పోయి, వార్డు కమిటీ కలదా, ఉన్నచో అందు సభ్యులెవ్వరు, చివరిసారి ఎపుడు కూడినది అని అడుగుడు.

4. ఏడుగురు దొరకువరకు దరఖాస్తు వ్రాయకుడు.

ఈ నాల్గవ నియమము కఠినముగ తోచవచ్చును. కాని ఏడుగురిని కూర్చలేని వాడు ఏడు వందల మందికి పనికివచ్చు వీథిని కూర్చజాలడు. ప్రభుత్వము ఎపుడు ఏ పథకమును ప్రకటించునో మన చేతిలోని పని కాదు. ప్రకటించిన నాటికి మన పేట సిద్ధముగ నుండుట మన చేతిలోనిదే. పాఠకుడా, ఆ ఏడుగురిలో మొదటివాడవు నీవు కమ్ము. తక్కిన ఆరుగురి పేళ్లను నేటి రాత్రియే వ్రాసి, రేపు ఉదయము మొదటి వాని దుకాణము తలుపు తట్టుము.